ఓవరీలో గడ్డ తీస్తామని గర్భసంచి కూడా తీసేశారు, సంతకం అన్నయ్య పెట్టాడు. ఇది చెల్లుతుందా?

గుంటూరు_శ్రీను
అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మా వదినకి 41 ఏళ్లు, గుంటూరులోనే ఉంటారు. కడుపునొప్పి తగ్గట్లేదని స్కాన్ తీయిస్తే ఎడమ ఓవరీలో గడ్డ ఉందన్నారు. విజయవాడ సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరారు, పేరు రాయను, కేసు వేస్తామో లేదో ఇంకా తేలలేదు. లాప్రోస్కోపీలో, అంటే చిన్న కోతలతో గొట్టం పెట్టి, గడ్డ తీసేస్తాం, మూడో రోజు ఇంటికెళ్లిపోవచ్చు అన్నారు, పొద్దున్నే వదిన చేత సంతకం పెట్టించుకున్నారు. థియేటర్ లోకి తీసుకెళ్లాక గంటకో గంటన్నరకో ఒక జూనియర్ డాక్టర్ బయటికొచ్చి "అటెండర్ ఎవరండీ, లోపల అంతా అతుక్కుపోయి ఉంది, గర్భసంచి కూడా తీసేయడం మంచిది, లేకపోతే మళ్లీ మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తుంది" అని ఒక కాగితం ముందు పెట్టారు. అన్నయ్య భయపడిపోయి సంతకం పెట్టేశాడు. ఆ పరిస్థితిలో ఎవరైనా పెడతారు.

వదినకి మెలకువ వచ్చాక పొట్ట మీద పెద్ద కోత, అప్పుడు చెప్పారు. ఇప్పుడు నాలుగు నెలలైంది, ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర లేదు, చీటికీ మాటికీ ఏడుపు. "నన్నడక్కుండా ఎలా తీశారు" అని అన్నయ్యతో మాట్లాడటం కూడా తగ్గించేసింది. అన్నయ్యేమో నీ ప్రాణం కోసమే కదా అంటాడు. ఇద్దరు పిల్లలున్నారు, పిల్లల ఆపరేషన్ కూడా ఎప్పుడో అయిపోయింది, ఇంక గర్భసంచితో పనేముంది అని చుట్టాలంతా ఒకటే పాట. ఆసుపత్రి వాళ్లు భర్త సంతకం ఉందిగా అంటున్నారు. చట్టం ప్రకారం ఇది చెల్లుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

తెనాలి_బాబాయ్
చెల్లటమేంటి శ్రీనూ, ఆటోనగర్ లో మెకానిక్ కూడా బ్రేకులకి ఇచ్చిన బండిలో ఇంజన్ దించాలంటే ఓనర్ కి ఫోన్ కొడతాడు. పేపర్ వాళ్లకి చెప్పి పరువు తీయండి ముందు.

కృష్ణలంక_కుర్రోడు
బాబాయ్, ఇక్కడ ఓనర్ మత్తులో ఉంది మరి, ఫోన్ ఎవరికి కొడతారు? మొగుడికే కదా. నాకైతే డాక్టర్ తప్పు కనపడట్లేదు. రెండోసారి పొట్ట కోయించుకోకుండా ఒకేసారి పని అయిపోయింది. ఇంత చిన్నదానికి కేసులు వేస్తూ పోతే రేపు ఏ డాక్టరూ కత్తి పట్టుకోడు.

బెజవాడ_వకీలు
శ్రీను గారూ, నేను కన్జ్యూమర్ కేసులు చూస్తుంటాను కాబట్టి చెప్తున్నా. మీ వదిన గారి విషయం దాదాపు అచ్చుగుద్దినట్టు సుప్రీంకోర్టు ముందుకి ఇంతకుముందే వచ్చింది. సమీరా కోహ్లీ కేసు, తీర్పు 2008 జనవరిలో. ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత, 1995లో లాప్రోస్కోపీకి ఒప్పుకుంది, ఫారంలో "అవసరమైతే పొట్ట తెరవాల్సి రావచ్చు" అని కూడా ఉంది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న వాళ్లమ్మ చేత సంతకం పెట్టించుకుని గర్భసంచి, రెండు ఓవరీలు, ట్యూబులు అన్నీ తీసేశారు. కోర్టు ఏమందంటే, ఆమె మేజరు, మతి స్థిమితంగా ఉన్న మనిషి, తాత్కాలికంగా మత్తులో ఉంది అంతే, మత్తు దిగాక అడగొచ్చు, కాబట్టి తల్లి అనుమతికి విలువ లేదు. పరీక్ష కోసం ఇచ్చిన ఒప్పుదల వైద్యం కోసం ఇచ్చినట్టు కాదు, ఒక ఆపరేషన్ కి ఇచ్చింది ఇంకో ఆపరేషన్ కి పనికిరాదు. మినహాయింపు ఒక్కటే, ఆ అదనపు పని అప్పటికప్పుడు చేయకపోతే ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు అయి, ఆగడం సమంజసం కాదు అనే పరిస్థితి ఉండాలి.

"మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తుంది" అనేది ముప్పు కాదు. డబ్బు, శ్రమ మిగులుతాయి అనే కారణం చాలదని ఆ తీర్పులోనే ఉంది.

ఒక్కటి చెప్పండి, వదిన గారు పొద్దున పెట్టిన ఫారం మీద ఆపరేషన్ పేరు ఏమని రాసి ఉంది?

గుంటూరు_శ్రీను
ఫారం కాపీ మా దగ్గర లేదండి. డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే ఇచ్చారు. అందులో "టీఏహెచ్ విత్ బీఎస్ఓ" అని ఉంది. గర్భసంచి అనే కదా దానర్థం?

మత్తు_డాక్టర్
నేను అనస్థీషియా వైపు, గైనిక్ కాదు, కానీ పదిహేనేళ్లుగా రోజూ చూసేదే. శ్రీను గారూ, టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచి మొత్తం తీయడం. బీఎస్ఓ అంటే రెండు వైపులా ట్యూబులు, ఓవరీలు తీయడం. రెండు ఓవరీలూ. మీకు ఆ ముక్క ఎవరూ చెప్పలేదా?

గుంటూరు_శ్రీను
లేదండి. గడ్డ ఉన్న ఎడమవైపుది తీశారనే అనుకుంటున్నాం. వదినకి కూడా తెలీదు. రెండూ తీసేస్తే ఏమవుతుంది?

మత్తు_డాక్టర్
ఆ ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం దానివల్లే అయ్యుంటుంది. గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగిపోతుంది గానీ ఓవరీలు ఉంటే హార్మోన్లు చాలాకాలం వస్తూనే ఉంటాయి. రెండూ తీసేస్తే ఒక్కరోజులో మెనోపాజ్, మామూలుగా అయితే శరీరానికి కొన్నేళ్లు పట్టే మార్పు. ఎముకలు తొందరగా బలహీనపడతాయి, గుండె సంగతి కూడా చూసుకోవాలి. 41కి అంటే సాధారణంగా హార్మోన్ మాత్రలు ఇవ్వాలా వద్దా అని డిశ్చార్జ్ రోజే మాట్లాడాలి. కేసు సంగతి తర్వాత, ముందు ఈ వారంలోనే వేరే గైనకాలజిస్ట్ కి చూపించండి, బయాప్సీ రిపోర్టు కూడా పట్టుకెళ్లండి, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరగడం) లాంటిది ఉంటే ఏ మాత్ర ఇవ్వాలో దాన్నిబట్టి మారుతుంది.

ఇక మా వాళ్ల వైపు మాట కూడా చెప్తా, తిట్టుకోకండి. స్కాన్ లో కనపడనిది పొట్ట తెరిస్తే కనపడుతుంది. పేగులు, గర్భసంచి, ఓవరీ అన్నీ ముద్దలా అతుక్కుపోయి ఉండొచ్చు, విడదీస్తుంటే రక్తం ఆగకపోవచ్చు, అప్పుడు సర్జన్ గర్భసంచి తీసేస్తే నేను తప్పు పట్టను, ఎందుకంటే అక్కడ ఎదురుచూసే టైము ఉండదు. కానీ అలాంటిదే జరిగితే ఆపరేషన్ నోట్సులో ఉంటుంది, ఎంత రక్తం పోయింది, ఎన్ని యూనిట్లు ఎక్కించారు, నా బోటివాడి అనస్థీషియా చార్టులో బీపీ ఎప్పుడు పడిపోయింది, అన్నీ ఉంటాయి. ఆ కాగితాలు చూడకుండా ఇక్కడ ఎవరు ఏ తీర్పు చెప్పినా గాల్లో మాటే. కుడి ఓవరీ బాగానే ఉండి తీసేసుంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు.

సిస్టర్_గవర్నర్‌పేట
ఆ సంతకాలు ఎలా జరుగుతాయో నేను చెప్తా, ఇరవై ఏళ్లు వార్డులో చేశాను. అడ్మిషన్ రోజు రాత్రి ఒక కట్ట కాగితాలు, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని వేలు పెట్టి చూపిస్తే వాళ్లు పెట్టుకుంటూ పోతారు. మత్తుకి ఒకటి, రక్తానికి ఒకటి, ఆపరేషన్ కి ఒకటి. ఆపరేషన్ పేరు రాసే గీత చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది, డ్యూటీ డాక్టర్ తర్వాత నింపుతారు. ఫారం ఇంగ్లీషులో. వెనకవైపు తెలుగు ఉన్నా చదివే టైము ఎవరిస్తారు, బయట ఇంకో ముగ్గురు పేషెంట్లు. ఏమన్నా అడిగితే "ఏం కాదమ్మా, రూల్సు కోసం" అంటాం, అదే అలవాటు. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టర్ స్వయంగా మంచం పక్కన కూర్చుని చెప్పడం చూశాను, లేదని కాదు, కానీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకోటి, ఆడవాళ్ల విషయంలో అయితే మనిషి ఎదురుగా మెలకువగా కూర్చుని ఉన్నా "మీ ఆయన్ని పిలవండి" అంటారు. ఆవిడ టీచరైనా అంతే.

కృష్ణలంక_కుర్రోడు
లాయర్ గారు సమీరా కోహ్లీ అన్నారు కదా, నేను వెతికి చదివా. ఆవిడ 25 లక్షలు అడిగితే సుప్రీంకోర్టు ఇప్పించింది 25 వేలు. పాతిక వేలు! 1995లో ఆపరేషన్, 2008లో తీర్పు. పదమూడేళ్ల తిరుగుడికి ఆ డబ్బు ఆటో ఖర్చులకి కూడా సరిపోదు. గెలిచిందని మీరు చెప్తున్నారు గానీ నాకైతే ఓడిపోయినట్టే ఉంది.

బెజవాడ_వకీలు
కుర్రోడు చెప్పింది నిజం, దాచేదేం లేదు. పాతిక వేలతో పాటు ఆ ఆపరేషన్ కి డాక్టర్ వేసిన ఫీజు కూడా రాదని కోర్టు చెప్పింది, అంతే. ఎందుకంటే వైద్యపరంగా నిర్లక్ష్యం లేదు, డాక్టర్ మంచి ఉద్దేశంతోనే చేశారు, లేనిది ఒప్పుదల ఒక్కటే అని తేల్చారు. నా వరకు నాకు ఆ అంకె నచ్చదు. మనిషి ఒంట్లో అవయవం అడక్కుండా తీయడమే అసలు నష్టం అయినప్పుడు, ఆపరేషన్ బాగానే చేశారుగా అని తగ్గించడం ఏం న్యాయం? ఇంకో సంగతి, పేషెంటుకి ఎంత చెప్పాలి అనేది కూడా ఆ తీర్పులో డాక్టర్ల మామూలు పద్ధతి ప్రకారమే కొలిచారు. పేషెంటు వైపు నుంచి చూసి కొలిచే అమెరికా పద్ధతి మనకి సరిపోదన్నారు. బ్రిటన్ లో 2015లో మాంట్‌గోమరీ కేసులో దాన్ని మార్చేశారు, షుగరున్న తల్లికి కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కునే ప్రమాదం నూటికి తొమ్మిది పది దాకా ఉందని తెలిసి కూడా డాక్టర్ చెప్పలేదు, ఆ పేషెంటు స్థానంలో ఉన్న మనిషికి ఏది ముఖ్యమో అది చెప్పాలి అని కోర్టు తేల్చి 52.5 లక్షల పౌండ్లు ఇప్పించింది. మన దగ్గర ఇంకా 2008 లెక్కే ఆధారం.

కానీ మన తెలుగువాళ్లకి దగ్గర కేసు ఇంకోటుంది, నిమ్స్ ఆసుపత్రి కేసు. 1990లో హైదరాబాద్, ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ కుర్రాడు, ఛాతీలో గడ్డ. అనుమతి తీసుకున్నది పరీక్ష కోసం ముక్క తీయడానికి, చేసింది గడ్డ మొత్తం తీసేయడం, నడుం కింద చచ్చుపడిపోయింది. "బయాప్సీకి ఒప్పుకున్నాడంటే దీనికీ ఒప్పుకున్నట్టే" అని ఆసుపత్రి వాదించింది, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆపరేషన్ లో న్యూరో సర్జన్ ని పెట్టుకోకపోవడం కూడా తప్పన్నారు. 2009లో కోటి రూపాయలు ఇప్పించారు. ఆ అబ్బాయి చక్రాల కుర్చీలో వెళ్లి తన కేసు తనే వాదించుకున్నాడు. అంటే ఒప్పుదల లేకపోవడంతో పాటు ఒంటికి జరిగిన నష్టం చూపించగలిగితే అంకె మారుతుంది. మీ వదిన గారికి ఆ రెండో ఓవరీ అందుకే ముఖ్యం.

పద్మజ_లక్ష్మీపురం
చాలాసేపటి నుంచి చదువుతున్నా, ఒక మాట. 41 ఏళ్లు, పిల్లలున్నారు, ఇంక దేనికి అన్నారట కదా చుట్టాలు, మా ఇంట్లో కూడా అక్షరాలా అదే మాట. మా పిన్నికి ముప్పై అయిదుకే తీయించేశారు తెల్లబట్ట అవుతోందని. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం అయితే ఆంధ్రలో 8.9. దేశంలోనే ఎక్కువ మనమే. మిర్చి యార్డుకి వచ్చే కూలి ఆడవాళ్లని అడగండి, ప్రతి నలుగురిలో ఒకరి కథ వినిపిస్తుంది. 2023లో సుప్రీంకోర్టు కూడా అనవసరంగా గర్భసంచులు తీయడం మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు మూడు నెలల్లో అమలు చేయండని రాష్ట్రాలకి చెప్పింది. శ్రీను గారూ, మీ అన్నయ్యని తిట్టకండి గానీ వదిన కోపం న్యాయమైనదే అని ఇంట్లో ఒక్కరైనా ఆవిడతో అనండి.

కృష్ణలంక_కుర్రోడు
సరే, ఒప్పుకుంటున్నా. కానీ రూల్స్ లోనే భర్త సంతకం ఉండాలని విన్నానే? మెడికల్ కౌన్సిల్ రూల్ అది. మరి డాక్టర్ ఆ రూల్ పాటించినట్టేగా?

బెజవాడ_వకీలు
మంచి ప్రశ్న, ఆసుపత్రి లాయర్ కూడా మొదట ఇదే పట్టుకుంటాడు. 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో 7.16 అని ఉంది. ఆపరేషన్ కి ముందు రాతపూర్వక అనుమతి భార్య లేక భర్త, మైనర్ అయితే తల్లిదండ్రులు, లేదా పేషెంటే, సందర్భాన్ని బట్టి, అని గజిబిజిగా రాశారు. ఇక పిల్లలు పుట్టే అవకాశం పోయే ఆపరేషన్ అయితే భార్యాభర్తలు ఇద్దరి అనుమతీ కావాలి అని ఉంది. ఇద్దరిదీ అంటే భార్యది పోయి భర్తది మిగలడం కాదు కదా. ఆవిడకి పిల్లల ఆపరేషన్ ముందే అయిపోయింది కాబట్టి ఆ రెండో వాక్యం వర్తించదని వాళ్లంటారు. అంటే అనుకోండి, అప్పుడు భర్త సంతకం అవసరమే పోతుంది, ఆవిడది మాత్రం లేనట్టే ఉంటుంది. ఎటు తిప్పినా వాళ్లకి కలిసిరాదు. అబార్షన్ చట్టం చూడండి, 1971ది, అందులో పద్దెనిమిదేళ్లు దాటిన మనిషైతే ఆవిడ ఒక్కదాని ఒప్పుదల చాలు, భర్తది అడగాలని లేదు. అయినా మన ఊళ్లో అడగని ఆసుపత్రి ఉందా?

ఎమర్జెన్సీకి వేరే సెక్షన్ ఉంది, పాత ఐపీసీ 92, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 30. మనిషి ఒప్పుకోగల స్థితిలో లేక, అడగదగ్గ వాళ్లెవరూ సమయానికి దొరక్కపోతే, మంచి ఉద్దేశంతో చేసింది నేరం కాదు. మన కేసులో అలాంటి తొందర ఉందా అనేది నోట్సు చెప్పాలి, డాక్టర్ గారన్నట్టు.

తెనాలి_బాబాయ్
అయితే పోలీస్ స్టేషన్ కే వెళ్దాం. ఒక్కరోజు లోపలుంటే తెలుస్తుంది.

బెజవాడ_వకీలు
వద్దు బాబాయ్ గారూ. 2005 జాకబ్ మాథ్యూ తీర్పు తర్వాత డాక్టర్ మీద క్రిమినల్ కేసు అంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, పోలీసులు కూడా ముందు వేరే డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి. దాని వెంటపడి ఏడాది పోగొట్టుకున్నవాళ్లని చూశాను, అసలు కేసుకి గడువు దాటబోతుంటే అప్పుడు నా దగ్గరికొచ్చారు.

కన్జ్యూమర్ కమిషన్ కి గడువు రెండేళ్లు. ఆసుపత్రి విజయవాడలో ఉన్నా వదిన గారుండేది గుంటూరు కాబట్టి 2019 చట్టం ప్రకారం గుంటూరు జిల్లా కమిషన్ లోనే వేయొచ్చు, ప్రతి వాయిదాకీ వారధి దాటక్కర్లేదు. కట్టిన బిల్లు అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. అన్నిటికన్నా ముందు రికార్డులు. పేషెంటు పేరు మీద, ఆవిడ సంతకంతో అర్జీ ఇవ్వండి, నోటితో అడగొద్దు, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకోండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని ఆ 2002 నిబంధనల్లోనే ఉంది. కేస్ షీట్ మొత్తం, రెండు సంతకాల ఫారాలు, ఆపరేషన్ నోట్సు, అనస్థీషియా చార్టు, బయాప్సీ రిపోర్టు, ఒక్కొక్కటి పేరుపేరునా రాయండి, లేకపోతే పై నాలుగు పేజీలిచ్చి పంపేస్తారు.

చిలకలూరిపేట_రైతు
లాయర్ గారు, మధ్యలో అడుగుతున్నా ఏమనుకోకండి. మా ఆవిడకి ఆరోగ్యశ్రీలో చేశారు, మేము రూపాయి కట్టలేదు. మాలాంటోళ్లకి ఈ కన్జ్యూమరు కేసు కుదురుద్దా?

బెజవాడ_వకీలు
ప్రైవేటు ఆసుపత్రిలో పథకం కింద చేశారా? ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు దాన్ని. మీరు కట్టకపోయినా ట్రస్టు ఆసుపత్రికి కడుతుంది, ఊరికే చేయలేదు. 1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు, ఇన్సూరెన్స్ కంపెనీయో ఉద్యోగం ఇచ్చినవాళ్లో డబ్బు కట్టినా అది సేవే అంది, దాన్ని పట్టుకుని వాదించొచ్చు. అదే గుంటూరు జీజీహెచ్, అంటే పెద్ద ప్రభుత్వాసుపత్రి లాగా అందరికీ ఉచితంగా చూసే చోటైతే కన్జ్యూమర్ కమిషన్ కుదరదు, సివిల్ కోర్టుకి వెళ్లాలి. మీది వేరే పోస్టు పెట్టండి, వివరంగా చూద్దాం.

గుంటూరు_శ్రీను
ఆలస్యానికి ఏమనుకోకండి, అర్జీ ఇచ్చాం. మొదట రేపు రండి అన్నారు, తర్వాత మేనేజర్ లేరన్నారు, 72 గంటల మాట ఎత్తాక నాలుగో రోజు ఇచ్చారు. వదినే కూర్చుని అన్నీ చదివింది. పొద్దున పెట్టిన ఫారంలో "లాప్రోస్కోపిక్ సిస్టెక్టమీ, ఎస్ఓఎస్ లాపరాటమీ" అని ఉంది, సిస్టెక్టమీ అంటే గడ్డ తీయడమేనట. అన్నయ్య పెట్టింది తెల్లకాగితం, చేత్తో ఇంగ్లీషులో రెండు లైన్లు, గర్భసంచి మాట ఉంది, ఓవరీల మాట లేదు. టైము వేయలేదు. ఆపరేషన్ నోట్సులో రక్తం పోయింది 250 ఎంఎల్ అని ఉంది, రక్తం ఎక్కించలేదు. బయాప్సీలో ఎడమ ఓవరీ ఎండోమెట్రియోటిక్ సిస్ట్, గర్భసంచి అడినోమయోసిస్ (లోపలి పొర గర్భసంచి కండలోకి పెరగడమట), కుడి ఓవరీ "నార్మల్".

వేరే గైనిక్ డాక్టర్ కి కూడా చూపించాం, మాత్రలు మొదలుపెట్టారు, ఎముకల స్కాన్ రాశారు.

మత్తు_డాక్టర్
250 అంటే ఈ ఆపరేషన్ కి మామూలే, ప్రాణం మీదకొచ్చిన సంగతి కాదు. ఎడమ ఓవరీకి కారణం ఉంది. గర్భసంచికి కూడా వైద్యపరంగా వాదన ఉంది, అడినోమయోసిస్ ఉంటే నొప్పికి అది ఒక దారి, కానీ ఆవిడతో మాట్లాడి తీసుకోవాల్సిన దారి, నెల తర్వాత చేసినా కొంప మునిగేది కాదు. కుడి ఓవరీకి కూడా వాళ్లొక మాట చెప్తారు, ఎండోమెట్రియోసిస్ మళ్లీ రాకుండా రెండూ తీశాం అని, కొందరు సర్జన్లు అలా చేస్తారు. కానీ ఆ పని ఎవరి చేతా ఒక్క సంతకం కూడా లేకుండా చేశారు, ఆవిడది లేదు, ఆయనదీ లేదు. ఇది రాయడం నాకు ఇష్టం లేదు గానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

బెజవాడ_వకీలు
ఎస్ఓఎస్ లాపరాటమీ అంటే అవసరమైతే పొట్ట తెరవడానికి అనుమతి, తెరిచాక ఏదైనా తీసేయడానికి కాదు. సమీరా కోహ్లీలో కూడా సరిగ్గా ఇదే మాట మీద వాదన జరిగింది. ఇంకేమీ ఇక్కడ పెట్టకండి, ఫోటోలు అసలు వద్దు. లీగల్ నోటీసు డ్రాఫ్టు చేద్దాం.

గుంటూరు_శ్రీను
నోటీసు ఇప్పుడే వద్దంటోంది వదిన. ముందు ఆ డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని "కుడివైపుది ఎందుకు తీశారు" అని ఒక్కటి అడగాలంట. అన్నయ్యని రమ్మంది, లోపలికి మాత్రం తనొక్కతే వెళ్తానంది.

తెనాలి_బాబాయ్
అడిగితే ఏదో ఒకటి చెప్పి పంపేస్తారు, అవతల జాగ్రత్త పడిపోతారు కూడా. ముందు నోటీసు ఇవ్వండి.

సిస్టర్_గవర్నర్‌పేట
వెళ్లనివ్వండి బాబాయ్ గారూ. ఆవిడ డబ్బు కోసం అడగట్లేదు. ఉదయం ఓపీ టైములో వద్దు, రద్దీలో రెండు నిమిషాల్లో లేపేస్తారు. సాయంత్రం ఆఖరి నంబరు రాయించుకోండి.

బెజవాడ_వకీలు
వెళ్లొచ్చు, గడువుకి ఇంకా ఇరవై నెలలుంది. ఆ ప్రశ్న కాగితం మీద కూడా రాసి రెండు కాపీలు పట్టుకెళ్లమనండి, ఒకటి వాళ్లకి, రెండోదాని మీద అందినట్టు సంతకం. జవాబు నోటితో చెప్పినా ఇంటికొచ్చాక అదే రోజు తేదీ వేసి ఆవిడ మాటల్లో రాసి పెట్టుకోమనండి. ఒరిజినల్ రికార్డులు మాత్రం బీరువాలోనే ఉంచండి, జిరాక్సులే తీసుకెళ్లండి.